రేసు గుర్రంలో వాటా: మీరడిగినవీ, నేను చెప్పేవీ

పోయిన సంచికలో రేసు గుర్రాన్ని పదిమంది కలిసి కూడా కొనుక్కోవచ్చు అని ఒక్క మాట రాశాను అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగినచోట కలిపి ఒక ప్రశ్నగా పెట్టాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వెయ్యలేదు.

ప్రశ్న: నాకు చిన్నప్పట్నుంచీ గుర్రాలంటే ప్రాణం. ఒక్కణ్ణే కొనే స్థోమత లేదు. రేసింగ్ క్లబ్ అంటారు, సిండికేట్ అంటారు, పార్ట్‌నర్‌షిప్ అంటారు, ఇవన్నీ ఒకటేనా సార్?

జవాబు: ఒకటి కావండీ. ఎందులో చేరినా రేసు రోజున "మా గుర్రం" అనే అంటారు కానీ చేతికొచ్చే హక్కు మాత్రం వేరు వేరు, ఈ ఒక్కటి తేల్చుకోకుండా రూపాయి కూడా కట్టొద్దు.

క్లబ్ అంటే మీరు కట్టేది మెంబర్‌షిప్ ఫీజు. గుర్రం క్లబ్‌ది, లేకపోతే క్లబ్ లీజుకి తెచ్చుకున్నది, మీది మాత్రం కాదు. మీకు దొరికేదేంటంటే లాయానికి వెళ్ళి గుర్రాన్ని చూడటం, తెల్లారకుండా జరిగే ప్రాక్టీసు చూడటం, ట్రైనర్ దగ్గర్నుంచి కబుర్లు, రేసు రోజున ఓనర్ల బ్యాడ్జ్ (అది కూడా చాలా క్లబ్బుల్లో లాటరీ తీసి ఇస్తారు, మెంబర్లు వందల్లో ఉంటే బ్యాడ్జీలు పదో పరకో ఉంటాయి మరి). గుర్రాన్ని రేపు మంచి ధరకి అమ్మినా అందులో మీకు భాగం రాదు, ఒప్పందంలో వస్తుందని విడిగా రాసుంటే తప్ప. అలాగని క్లబ్ గుర్రాలు నాసిరకం అనుకోకండి, 2005లో ఎప్సమ్ డెర్బీ అనే ఇంగ్లండ్ పెద్ద రేసు గెలిచిన మోటివేటర్ అనే గుర్రం ఇంగ్లండ్‌లోని రాయల్ ఆస్కట్ రేసింగ్ క్లబ్ గుర్రమే, అప్పుడు ఆ క్లబ్బులో 230 మంది మెంబర్లు. డెర్బీ గెలిచిన గుర్రం మాది అని చెప్పుకునే భాగ్యం ఒక్కసారిగా అంతమందికి దక్కింది.

సిండికేట్ అంటే గుర్రాన్నే వాటాలు వేసి అమ్మడం. పది వాటాలు కావచ్చు, నలభై కావచ్చు, వేలు కూడా కావచ్చు. నడిపేవాళ్ళు ఒకరుంటారు, గుర్రాన్ని కొనేది, ట్రైనర్‌ని పెట్టేది, లెక్కలు రాసేది, బిల్లులు కట్టేది అంతా వాళ్ళే, దానికి వాళ్ళ ఫీజు వాళ్ళకుంటుంది. బహుమతి డబ్బొచ్చినా, గుర్రాన్ని అమ్మినా మీ వాటా ప్రకారం మీకు రావాలి. ఖర్చు కూడా అదే లెక్కన మీ మీద పడుతుంది.

పార్ట్‌నర్‌షిప్ అంటే కొద్దిమందే ఉంటారు, అందరి పేర్లూ రేసింగ్ సంస్థ దగ్గర ఓనర్లుగా నమోదవుతాయి, నిర్ణయాల్లో అందరికీ మాట ఉంటుంది. బాధ్యత కూడా అలాగే, ఒకాయన కట్టకపోతే ఆ బాకీ మిగతావాళ్ళ మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. ఇవి కాక లీజు అని ఇంకోటుంది, గుర్రాన్ని కొనరు, ఒకటి రెండేళ్ళు పరిగెత్తించుకుని మళ్ళీ అసలు ఓనర్‌కి ఇచ్చేస్తారు, కొనే డబ్బు మిగులుతుంది కానీ పోషణ మీదే.

పేరు చూసి అర్థమైపోయింది అనుకోవద్దనడానికి జపాన్ మంచి ఉదాహరణ. అక్కడ సొంతంగా ఓనర్ లైసెన్స్ కావాలంటే ఆదాయం, ఆస్తి రెండూ గట్టిగా చూస్తారు, అందుకని మామూలు జనం క్లబ్బుల ద్వారా ఒక్కో గుర్రంలో చిన్న వాటా తీసుకుంటారు. పేరుకి క్లబ్బే కానీ బహుమతి డబ్బు వాటా ప్రకారం వస్తుంది, చట్టం దృష్టిలో మాత్రం ఓనర్ క్లబ్ కంపెనీయే, మెంబర్ పెట్టుబడిదారు అంతే. తొమ్మిది జీ1 రేసులు (అన్నిటికన్నా పై స్థాయి రేసులు) గెలిచిన ఆల్మండ్ ఐ అలాంటి క్లబ్ గుర్రమే, సిల్క్ రేసింగ్ వాళ్ళది. కాబట్టి బోర్డు మీద ఏం రాసుందో కాదు, కాగితంలో ఏం రాసుందో చూడండి.

ప్రశ్న: ఫోన్లోనే చాలా తక్కువకి గుర్రంలో షేర్ కొనచ్చంట కదా. అంత చిన్న ముక్కకి ఏమైనా మిగులుతుందా?

జవాబు: లెక్క వేసి చూద్దాం, మీకే తెలుస్తుంది. 2020లో కెంటకీ డెర్బీ గెలిచిన అథెంటిక్ అనే గుర్రంలో మైరేస్‌హార్స్ అనే అమెరికా కంపెనీకి 12.5 శాతం ఉండేది, దాన్ని ముక్కలు చేసి ఒక్కోటి 206 డాలర్లకి అమ్మింది, ఐదువేల మందికి పైగా కొన్నారు. ఒక్కో ముక్క అంటే గుర్రంలో 0.001 శాతం. ఆ డెర్బీ గెలుపుకి వచ్చిన బహుమతి 18.6 లక్షల డాలర్లు, అందులో ఒక ముక్క వాటా 18 డాలర్ల 60 సెంట్లు, అది కూడా జాకీకీ ట్రైనర్‌కీ ఇవ్వాల్సింది తియ్యకముందు. అమెరికాలో అన్నిటికంటే పేరున్న రేసు గెలిస్తే వచ్చింది ఇదీ! అదే ఏడాది ఆ గుర్రం బ్రీడర్స్ కప్ క్లాసిక్ అనే ఇంకో పెద్ద రేసు కూడా గెలిచి సంతానోత్పత్తికి వెళ్ళింది కాబట్టి అక్కడ ఇంకాస్త వచ్చింది, కానీ ఏటా పుట్టే వేల గుర్రాల్లో అలాంటిది ఎన్నింటికో ఒకటి.

ఇంత చెప్పి కూడా నేను వద్దు అనట్లేదు. ఆ ఐదువేల మందీ ఆ రోజు టీవీ ముందు గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నారు చూడండి, వాళ్ళు కొనుక్కున్నది అదీ. దాని కోసమే అయితే హాయిగా కొనుక్కోండి. మెల్లగా ఈ లోకం ఎలా నడుస్తుందో తెలుసుకోడానికి కూడా అంత చిన్న వాటా మంచి బడి.

ప్రశ్న: ఒక సిండికేట్‌లో ఇరవయ్యో వంతు తీసుకుందామనుకుంటున్నాం. షేర్ డబ్బు ఒకసారి కట్టేస్తే ఇక అయిపోయినట్టేనా, ఇంకేమైనా ఉంటాయా?

జవాబు: అసలు ఖర్చు అక్కడే మొదలవుతుందమ్మా. ఏనుగుని కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదు అంటారే, గుర్రం విషయంలో అంకుశం ఏనుగు కంటే ఎక్కువైపోతుంది ఒక్కోసారి. మామూలు గుర్రమైతే కొన్న ధర కన్నా రెండు మూడేళ్ళ పోషణే ఎక్కువ తేలుతుంది.

ఏమేం ఉంటాయో చెప్తాను. ట్రైనర్ రోజుకింత అని ఫీజు వేస్తాడు, దాణా, ఎండుగడ్డి, లాయం అద్దె, చూసుకునే సిబ్బంది జీతాలు, పొద్దున్నే దాని మీద ఎక్కి పరిగెత్తించే రైడర్ అన్నీ అందులో వస్తాయి. గుర్రం పరిగెత్తినా పరిగెత్తకపోయినా ఆ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. దాని పైన నాడాలు కొట్టేవాడు నాలుగైదు వారాలకోసారి రావాలి, పళ్ళు అరగదీయించాలి, టీకాలు, నులిపురుగుల మందు, డాక్టర్ బిల్లు (ఇది మాత్రం ఎంతొస్తుందో ఏ ట్రైనరూ ముందే చెప్పలేడు), రేసుకి ఎంట్రీ ఫీజు, రేసు ఊరికి ట్రక్కులో తీసుకెళ్ళే ఖర్చు, గెలిచినా ఓడినా జాకీకి ఇవ్వాల్సిన రైడింగ్ ఫీజు, రిజిస్ట్రేషన్లు, ఇన్సూరెన్స్, సిండికేట్ నడిపేవాళ్ళ ఫీజు, పన్నులు.

ఇవి వసూలు చేసే పద్ధతులు రెండు. ఒకటి, ఏడాదికి మొత్తం అంతా కలిపి ఒకే రేటు, ఇంక పైన ఏమీ అడగరు. రెండోది, నెలనెలా అయిన ఖర్చుని వాటాల ప్రకారం పంచడం. మొదటిదాంట్లో మొత్తం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అనుకోని ఖర్చుల కోసం వాళ్ళు ముందే కొంత కలిపేసుకుంటారు, అయినా కొత్తగా దిగేవాళ్ళకి నేను చెప్పేది ఆ మొదటిదే. రెండోది చూడ్డానికి చవక, కానీ ఒక నెలలో గుర్రానికి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ దాకా వెళ్ళిందనుకోండి, ఇరవయ్యో వంతే అయినా బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. మీరు అడగాల్సిన మాట ఒక్కటే: "ఈ గుర్రం ఏడాదంతా ఒక్క రేసు కూడా పరిగెత్తకపోతే నా జేబులోంచి మొత్తం ఎంత పోతుంది?" ఈ ప్రశ్నకి కాగితం మీద నంబర్ రాసిస్తే సరి, తడుముకుంటే ఇంకో సిండికేట్ చూసుకోండి.

ప్రశ్న: వాటా ఉంటే జాకీని నేను చెప్పచ్చా, ఏ రేసులో దింపాలో చెప్పచ్చా?

జవాబు: చెప్పలేరు, చెప్పకపోవడమే గుర్రానికి మంచిది కూడా. రోజూ దాని కాళ్ళు తడిమి చూసేది ట్రైనర్, అది దాణా మొత్తం తిందో మిగిల్చిందో తెలిసేది ఆయనకి. మీరు అడగాల్సింది వివరాలు, ఎందుకు ఈ దూరం, ఎందుకు ఈ నేల, ఎందుకు మూడు వారాలు గ్యాప్ ఇచ్చారు అని. మంచి సిండికేట్ అయితే అడక్కముందే వారానికోసారి రాసి పంపుతుంది, గుర్రం బాగా లేనప్పుడు కూడా. గెలిచినప్పుడు మాత్రమే మెసేజ్‌లు పెట్టి మిగతా రోజుల్లో చప్పుడు చెయ్యని వాళ్ళతో నాకు అస్సలు పడదు.

ప్రశ్న: నాకు పరిచయమైన ఒకాయన సిండికేట్ పెడుతున్నాడు. గుర్రం వంశం చాలా గొప్పదంట, రెండేళ్ళలో పెట్టింది రెట్టింపు అవుతుంది, నాదీ గ్యారంటీ అంటున్నాడు. నా దగ్గర పిల్లల చదువుకి దాచిన డబ్బు కొంత ఉంది. పెట్టమంటారా?

జవాబు: పెట్టొద్దు తమ్ముడూ. వద్దంటే వద్దు.

గుర్రం మీద గ్యారంటీ ఇవ్వగలిగినవాడు భూమ్మీద లేడు. వంశం అన్నావు కదా, 2006లో అమెరికాలో ద గ్రీన్ మంకీ అనే రెండేళ్ళ గుర్రాన్ని వేలంలో కోటీ అరవై లక్షల డాలర్లకి కొన్నారు, కొన్నవాళ్ళు ఎవరనుకున్నావు, ఐర్లండ్‌లోని కూల్‌మోర్ వాళ్ళు, ప్రపంచంలో గుర్రాల వంశాల గురించి వాళ్ళకంటే తెలిసినవాళ్ళు చాలా తక్కువ. అది మూడే మూడు రేసులు పరిగెత్తింది, ఒక్కటీ గెలవలేదు, మొత్తం సంపాదన 10,440 డాలర్లు. వాళ్ళ చూపుకే అందనిది నీ పరిచయస్తుడి గ్యారంటీకి అందుతుందా? ఇంకోపక్క సియాటిల్ స్లూ అనే గుర్రం 17,500 డాలర్లకి అమ్ముడుపోయి 1977లో అమెరికన్ ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాది మూడు పెద్ద రేసులూ గెలిచింది. రెండూ నిజమే, ఏ గుర్రం ఏదవుతుందో ముందే తెలిసే మార్గమే లేదు. లాయాల్లో ఉన్న గుర్రాల్లో చాలావాటికి జీవితంలో ఒక్క గెలుపు కూడా ఉండదు, గెలిచినవాటిలో కూడా సొంత ఖర్చు తామే సంపాదించుకునేవి తక్కువ.

"రెట్టింపు" అనే మాట ఎక్కడ్నుంచి వస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే అది పూర్తిగా గాల్లోంచి రాదు. గుర్రాల్లో పెద్ద డబ్బు రేసుల్లో కన్నా సంతానంలో ఉంటుంది. 1973లో సెక్రటేరియట్ అనే రేసు గుర్రాన్ని 32 వాటాలు చేసి ఒక్కోటి 1,90,000 డాలర్లకి అమ్మారు, మొత్తం 60.8 లక్షల డాలర్లు, అప్పటికి దానికి మూడేళ్ళు, ఇంకా కెంటకీ డెర్బీ కూడా పరిగెత్తలేదు. కానీ అది మామూలు రేసు సిండికేట్ కాదు, ఆ వాటా ఉన్నవాళ్ళు తమ ఆడగుర్రాల్ని దాని దగ్గరికి పంపుకునే హక్కు కొనుక్కున్నారు. ఇలాంటి కథలు చూపించి మామూలు షేర్లు అంటగట్టేవాళ్ళున్నారు. పైగా రేసు మగగుర్రాల్లో చాలావాటికి వృషణాలు తీసేస్తారు, గెల్డింగ్ అంటారు వాటిని, వాటి విషయంలో సంతానం అనే మాటే లేదు. నీకు చూపిస్తున్నది గెల్డింగా కాదా ముందు అడుగు.

ఇక బాగా జరిగిన సిండికేట్‌లో కూడా ఎంత మిగులుతుందో చూడు. వేల్స్‌లో ఒక పల్లె జనం 23 మంది కలిసి వారానికి తలా పది పౌండ్లు వేసుకుని డ్రీమ్ అలయన్స్ అనే గుర్రాన్ని పెంచి పరిగెత్తించారు. అది 2009లో వెల్ష్ నేషనల్ అనే పెద్ద జంప్ రేసు గెలిచింది, దాని మొత్తం సంపాదన 1,38,646 పౌండ్లు. అన్ని ఖర్చులూ పోను ఒక్కొక్కరికి మిగిలింది 1,430 పౌండ్లు. అన్నేళ్ళు వారం వారం కట్టి, అందరూ చెప్పుకునే గెలుపు గెలిస్తే మిగిలిందంతా అదీ! వాళ్ళెవరూ దానికి బాధపడలేదు, ఎందుకంటే వాళ్ళు లాభం కోసం మొదలుపెట్టలేదు. నువ్వు పిల్లల చదువు డబ్బుతో లాభం కోసం మొదలుపెడుతున్నావు. ఆ డబ్బు ఉన్నచోటే ఉండనీ. సినిమాకో షికారుకో పెట్టి మర్చిపోగలిగేంత డబ్బు ఎప్పుడైనా చేతిలో ఉంటే అప్పుడు మళ్ళీ రాయి, మంచి క్లబ్ ఎలా వెతకాలో చెప్తాను.

ప్రశ్న: మేం కాలేజీ స్నేహితులం. ఎవరో పెట్టిన సిండికేట్ ఎందుకు, మనమే కలిసి ఒకటి కొందాం అనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: చాలా మంచిది, నాకు బాగా నచ్చే దారి ఇదే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి స్కూలు స్నేహితులు కొందరు తలా 5,000 డాలర్లు వేసుకుని సకటోగా స్టేబుల్ అని మొదలుపెట్టారు, కొన్నేళ్ళకి 75,000 డాలర్లు పెట్టి ఫన్నీ సైడ్ అనే గెల్డింగ్‌ని కొన్నారు, అది 2003లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ అనే రెండు పెద్ద రేసులూ గెలిచింది. డెర్బీకి వాళ్ళు ఖరీదైన కార్లలో రాలేదు, పసుపు రంగు స్కూల్ బస్సు అద్దెకి తీసుకుని వచ్చారు. ఆస్ట్రేలియాలో బ్లాక్ కేవియర్ కూడా అంతే, కలిసి సెలవులకి వెళ్ళిన స్నేహితులు అనుకుని కొన్న ఆడగుర్రం, 25 రేసులు పరిగెత్తి 25 గెలిచింది.

కానీ స్నేహితులం కదా అని కాగితం రాసుకోకుండా మొదలుపెట్టకండి. స్నేహితులం కాబట్టే రాసుకోవాలి. గుర్రం ఓడితే గొడవలు రావు, నిజంగా చెప్తున్నాను, ఓటమిని అందరూ కలిసి భరిస్తారు. గొడవలొచ్చేది రెండు చోట్ల, ఒకడు నెల నెలా కట్టడం ఆపేసినప్పుడు, ఇంకోటి ఎవరో వచ్చి గుర్రానికి మంచి ధర ఇస్తామన్నప్పుడు. సగం మంది అమ్మేద్దాం అంటారు, సగం మంది ప్రాణం పోయినా అమ్మం అంటారు. ఎంతమంది ఒప్పుకుంటే అమ్మచ్చు, కట్టనివాడి వాటా ఎన్ని నెలల తర్వాత ఏమవుతుంది, ఒకడు బయటికి వెళ్ళాలంటే వాటా ముందు ఎవరికి చూపించాలి, దాని ధర ఎవరు కట్టాలి, ఒకరు చనిపోతే ఆ వాటా ఇంట్లోవాళ్ళకి వెళ్తుందా, ఖర్చు కూడా వాళ్ళకే వెళ్తుందా, ఇవన్నీ గుర్రాన్ని చూడకముందే రాసేసుకోండి, చూశాక ఎవరికీ తల సరిగ్గా పనిచెయ్యదు. డబ్బుకి విడిగా బ్యాంకు అకౌంట్ తెరవండి, ఇద్దరి సంతకం ఉంటే గానీ డబ్బు కదలకుండా. ట్రైనర్‌తో మాట్లాడ్డానికి మీలో ఒక్కణ్ణే పెట్టండి, పాపం పదిమంది పది ఫోన్లు చేస్తే ఆయన గుర్రాన్ని ఎప్పుడు చూస్తాడు.

ప్రశ్న: బయటి సిండికేట్‌లో చేరేవాళ్ళు సంతకం పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: మొట్టమొదట, నడిపేవాళ్ళు ఆ దేశపు రేసింగ్ సంస్థ దగ్గర నమోదయ్యారా లేదా. బ్రిటన్‌లో సిండికేట్లకీ క్లబ్బులకీ బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ప్రవర్తనా నియమావళి పెట్టింది, ఆస్ట్రేలియాలో జనానికి షేర్లు అమ్మే ప్రమోటర్‌కి ఆర్థిక సేవల లైసెన్స్ నియమాలు వర్తిస్తాయి, గుర్రం గురించీ ఖర్చుల గురించీ వివరాల పత్రం ఇవ్వాలి. ఎక్కడైనా ఇలాంటి కాగితం ఒకటి ఉంటుంది, అడిగి తీసుకోండి.

తర్వాత గుర్రాన్ని నిజంగా ఎంతకి కొన్నారు. వేలం ధరలు చాలాచోట్ల బయట పెడతారు, టాటర్‌సాల్స్, కీన్‌లాండ్ లాంటి వేలం సంస్థల్లో ఏ గుర్రం ఎంతకి పోయిందో ఎవరైనా చూసుకోవచ్చు. షేర్ ధరని షేర్ల సంఖ్యతో గుణించి చూడండి, వేలం ధర కన్నా ఎంత ఎక్కువుందో తెలుస్తుంది. కొంత ఎక్కువుండటం న్యాయమే, వాళ్ళు వెతికారు, డాక్టర్‌తో చూపించారు, రవాణా పెట్టుకున్నారు, అమ్ముడుపోతాయో లేదో తెలియకుండా ముందు వాళ్ళ డబ్బు పెట్టారు. కానీ రెట్టింపు ఉంటే ఎందుకో చెప్పమనండి.

అమ్ముడుపోని షేర్ల ఖర్చు ఎవరు భరిస్తారు అనేది చాలామంది అడగరు, అడగండి. వాళ్ళే భరించాలి, ఉన్నవాళ్ళ మీద పంచకూడదు. కొన్నప్పటి డాక్టర్ రిపోర్టు, కాళ్ళ ఎక్స్‌రేలు, గొంతులో కెమెరా పెట్టి చూసిన పరీక్ష చూపించమనండి, ఊపిరి దారి బాగా లేని గుర్రం ఎంత పెద్ద వంశందైనా చివరి ఫర్లాంగులో నిలబడలేదు. ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే అది చావుకి మాత్రమేనా, వైద్యానికి కూడానా. బహుమతి డబ్బు ఎప్పుడెప్పుడు పంచుతారు. గుర్రాన్ని ఎప్పుడు అమ్మేస్తారు, తేదీ ఉందా. నడిపే ఆయనే ట్రైనర్ కూడా అయితే కొంచెం జాగ్రత్త, గుర్రం లాయంలో ఎన్ని రోజులుంటే ఆయనకి అంత ఫీజు, బాగా పరిగెత్తని గుర్రాన్ని ఆపేద్దాం అని ఆయన నోటితో ఆయనే చెప్పడం కష్టం. నిజాయితీగా చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే పాత మెంబర్లతో మాట్లాడండి, ఇద్దరు ముగ్గురు చాలు, పది నిమిషాల్లో అంతా బయటికొస్తుంది.

ప్రశ్న: ఏడాది పిల్లలో వాటా మంచిదా, ఇప్పటికే పరిగెడుతున్నదాంట్లోనా?

జవాబు: ఓపికని బట్టి. ఉత్తరార్ధగోళంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల్లో ఆగస్టు 1న, నిజంగా ఎప్పుడు పుట్టినా సరే. యూరప్, అమెరికాల్లో ఏడాది పిల్లల పెద్ద వేలాలు శరదృతువులో జరుగుతాయి, కొన్నాక జీను అలవాటు చెయ్యాలి, మనిషిని ఎక్కించుకోవడం నేర్పాలి, మెల్లగా పరుగు నేర్పాలి, మరుసటి ఏడాది రెండేళ్ళదయ్యాక గానీ రేసు మాటే లేదు. అది కూడా అన్నీ కుదిరితే. చిన్న గుర్రాలకి ముందుకాళ్ళ ఎముకలు నొప్పెట్టడం చాలా మామూలు, అప్పుడు విశ్రాంతి ఇవ్వాల్సిందే, తొందరపెడితే గుర్రం పాడైపోతుంది. హర్డిల్స్, కంచెలు దూకే జంప్ రేసులకైతే ఇంకా ఆలస్యం. ఈ కాలమంతా నెల ఖర్చు నడుస్తూనే ఉంటుంది, కానీ పిల్లప్పట్నుంచీ చూసినదాని మీద ఉండే ప్రేమ వేరు, అది నేను కాదనను.

పరిగెడుతున్న గుర్రమైతే రేటింగ్ (దాని స్థాయి చెప్పే అంకె) తెలుసు, ఏ దూరం ఇష్టమో ఏ నేల మీద బాగా పోతుందో తెలుసు, చేరిన నెలలోనే రేసు చూడచ్చు. ఎందుకు అమ్ముతున్నారో మాత్రం కనుక్కోండి. మొదటిసారి అయితే నా ఓటు దీనికే.

ప్రశ్న: ఓనర్ అయితే లోపలి సమాచారం తెలుస్తుంది కదా, బెట్టింగ్‌లో కలిసొస్తుందా?

జవాబు: ఆ ఆలోచనతో అయితే రావద్దండి. సొంత గుర్రం ఓడిపోతుందని పందెం కాయడం బ్రిటన్‌లాంటి చోట్ల ఓనర్లకి నిషేధం, సిండికేట్ వాటాదార్లకి కూడా. బయటికి తెలియని విషయం చెప్పి ఇంకొకరితో కాయించడం కూడా తప్పే. పైగా ట్రైనర్ ధైర్యంగా ఉన్న రోజున కూడా గుర్రాలు ఓడిపోతాయి, వాటికి మన ధైర్యం గురించి తెలియదు.

ప్రశ్న: గుర్రానికి దెబ్బ తగిలితే, ఇక పరిగెత్తలేకపోతే దాన్ని ఏం చేస్తారు? ఇది తలుచుకుంటేనే చేరాలంటే భయమేస్తోంది అని మా ఆవిడ అడగమంది.

జవాబు: మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి. ఇన్ని ఉత్తరాల్లో ఈ ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కరే.

రేసు గుర్రం పాతికేళ్ళ పైన బతుకుతుంది. పరిగెత్తేది అందులో కొన్నేళ్ళే, ఫ్లాట్ రేసుల్లో (అడ్డంకులు దూకనక్కర్లేని రేసులు) అయితే చాలావాటికి ఐదారేళ్ళకే అయిపోతుంది. మిగతా జీవితం ఎవరు చూస్తారు అన్నది చేరే రోజునే తేలాలి. డ్రీమ్ అలయన్స్ గురించి పైన చెప్పాను కదా, 2008లో రేసు మధ్యలో దాని కాలి స్నాయువు (కండరాన్ని ఎముకకి కలిపేది) తెగింది, ఇలాంటప్పుడు చాలాసార్లు అక్కడే ప్రాణం తీసేస్తారు. ఆ పల్లె జనం అది గెలిచి తెచ్చిన డబ్బునే దాని వైద్యానికి పెట్టారు, మూలకణాల చికిత్స చేయించారు, వెల్ష్ నేషనల్ గెలిచింది ఆ తర్వాతే. మళ్ళీ గెలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు వాళ్ళకి, బాగుపడితే చాలని ఖర్చు పెట్టారు. అలాంటి మనుషుల మధ్య వాటా తీసుకోవాలి.

అన్ని గుర్రాలకీ అంత అదృష్టం ఉండదు, దాచడం అనవసరం. కాలు విరిగితే గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి కోలుకోవడం చాలా కష్టం, అంత బరువు మిగతా కాళ్ళ మీద పడి గిట్టల్లోపల వాచిపోతుంది, నొప్పి లేకుండా పంపించడమే దయ అయ్యే రోజులు కూడా ఉంటాయి. ఆ ఫోన్ మీకు రావచ్చు. దానికి సిద్ధపడే చేరాలి.

బతికి బయటపడ్డవాటికి మాత్రం ఇప్పుడు దారులున్నాయి. బ్రిటన్‌లో 2000లో రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్ అనే సంస్థ పెట్టారు, అమెరికాలో 2012లో థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ వచ్చింది, రేసులు మానేసిన గుర్రాలకి వేరే పనులు నేర్పి మంచి ఇళ్ళకి పంపేవాళ్ళకి ఇలాంటివి అండగా ఉంటాయి. షికారు స్వారీకి, షో జంపింగ్‌కి, పోలోకి, ఊరికే ఇంకో గుర్రానికి తోడుగా ఉండటానికి కూడా వెళ్తాయి. ఫన్నీ సైడ్ చాలా ఏళ్ళు కెంటకీ హార్స్ పార్క్‌లో ఉంది, చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు, 2023లో 23 ఏళ్ళ వయసులో పోయింది.

మీరిద్దరూ ఏ సిండికేట్‌కి వెళ్ళినా ఆవిడనే అడగమనండి: గుర్రాన్ని ఆపేశాక ఎవరికి ఇస్తారు, మళ్ళీ రేసులకి వాడకూడదని రాయించుకుంటారా, కొత్త ఇల్లు దొరికేదాకా ఖర్చు కోసం విడిగా డబ్బు పక్కన పెడుతున్నారా, ఇంతకుముందు మీ దగ్గర పరిగెత్తిన గుర్రాలు ఇప్పుడు ఎక్కడున్నాయి. ఒక్కో గుర్రం పేరు చెప్పి ఎక్కడుందో ఫోటోతో సహా చూపించగలిగితే, షేర్ ధర పక్కవాళ్ళ కన్నా కాస్త ఎక్కువైనా అక్కడే తీసుకోండి.